గుడి ఎక్కేముందు: ఆంకోర్, బోరోబుదూర్, బ్యాంకాక్ మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: సంక్రాంతికి పది రోజులు సెలవు దొరికింది. థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాం, ఇండోనేషియా నాలుగూ చుట్టేద్దామని ఎక్సెల్ షీట్ వేశాను, మీకూ పంపాను. చూసి ఎలా ఉందో చెప్తారా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: షీట్ బ్రహ్మాండంగా ఉంది, ప్లానే బాగాలేదు. ఆ పది రోజుల్లో ఆరు విమానాలున్నాయి. గాల్లో ఉండేది రెండు గంటలే కావచ్చు, కానీ హోటల్ ఖాళీ చేయడం, ఎయిర్‌పోర్టుకి పోవడం, క్యూలు, దిగాక మళ్లీ ఇమ్మిగ్రేషను, సిమ్ కార్డు, టాక్సీ బేరం, ఇవన్నీ కలిపి ఒక్కో విమానానికి సగం రోజు పోతుంది. అంటే మీ పదిలో మూడు రోజులు ఎయిర్‌పోర్టులకే ఇచ్చేశారన్నమాట. ఇండోనేషియా కొట్టేయండి, వియత్నాం కూడా కొట్టేయండి. జనవరిలో జావాలో వానలు, అదే నెలలో థాయ్‌లాండ్, కంబోడియాల్లో ఏడాది మొత్తంలోకి హాయైన వాతావరణం. పిల్లలకు మే సెలవులు ఇచ్చాక వెళ్లేవాళ్లకి లెక్క తిరగబడుతుంది: ఏప్రిల్, మే నెలల్లో కంబోడియాలో ఆంకోర్ గుళ్ల దగ్గర రాయి మీద కాలు పెట్టలేం, మన రెంటచింతల ఎండే, అప్పుడు జావా నయం.

మీకు నా సలహా ఏమిటంటే, బ్యాంకాక్‌లో నాలుగు రోజులు ఉండి అందులో ఒకరోజు అయుత్తయకి (థాయ్‌ల పాత రాజధాని) రైల్లో వెళ్లి రండి, మిగతా రోజులు ఆంకోర్ గుళ్ల పక్క ఊరు సియెమ్ రీప్‌లో. మీ షీట్‌లో బ్యాంకాక్ నుంచి బస్సులో సరిహద్దు ఊరు పోయిపేట్ మీదుగా కంబోడియా అని రాశారు, పాత బ్లాగులన్నీ అదే చెప్తాయి. 2025లో రెండు దేశాల మధ్య సరిహద్దు గొడవ కాల్పుల దాకా వెళ్లి ఆ దారి మూసేశారు. కాబట్టి బస్సు ఆశ పెట్టుకోకుండా విమానానికే డబ్బులు పక్కన పెట్టండి, గంట ప్రయాణం. సియెమ్ రీప్ కొత్త ఎయిర్‌పోర్టు 2023లో తెరిచారు, ఊరికి చాలా దూరం, టాక్సీలో దాదాపు గంట పడుతుంది, ఆ గంట కూడా షీట్‌లో వేసుకోండి.

ఆంకోర్ పాస్ ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62, ఏడు రోజులకి 72. మూడు రోజులదే తీసుకోండి. అది వరుసగా వాడక్కర్లేదు, పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. సాయంత్రం సుమారు 5 గంటలకి కౌంటర్‌లో కొంటే మర్నాటి తేదీ వేసి ఇస్తారు, ఆ సాయంత్రం ఊరికే లోపలికి పోయి పొద్దుగూకడం చూసి రావచ్చు. పాస్ మీద మీ ఫొటో ముద్రిస్తారు కాబట్టి ఎవరో సగం రేటుకి అమ్ముతామంటే నవ్వి ఊరుకోండి. డాలర్ నోట్లు మాత్రం కొత్తవి తీసుకెళ్లండి, కాస్త చిరిగినా, పెన్ను గీత ఉన్నా అక్కడ ముట్టుకోరు.

ఇంకొకటి, థాయ్‌లాండ్‌కి వెళ్లేముందు డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, 2025 మే 1 నుంచి తప్పనిసరి చేశారు. ప్రభుత్వ సైట్‌లో ఉచితం, డబ్బులు అడిగిందంటే అది వేరే సైటు.

ప్రశ్న: ఆంకోర్ వాట్ విష్ణుమూర్తి గుడి అని కొందరు, బౌద్ధ క్షేత్రం అని కొందరు అంటున్నారు. ఏది నిజం? మా ఇద్దరికీ డెబ్బై దగ్గర పడ్డాయి, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మేం చూడగలమా?
– రిటైర్డ్ టీచరు, తెనాలి

జవాబు: రెండూ నిజమే మాస్టారూ. కట్టించింది రెండో సూర్యవర్మ, 12వ శతాబ్దం మొదటి సగంలో, విష్ణువు కోసం. పోయాక ఆ రాజుకి పెట్టిన పేరే పరమవిష్ణులోక. ఆ తర్వాత 1177లో చామ్‌లు (ఇప్పటి వియత్నాం వైపు రాజ్యంవాళ్లు) వచ్చి రాజధానిని కొల్లగొట్టారు, 1181లో ఏడో జయవర్మ గద్దెనెక్కాడు, ఆయన మహాయాన బౌద్ధుడు. బాయోన్, తా ప్రోమ్, ప్రేహ ఖాన్ గుళ్లు ఆయన కట్టించినవే. తా ప్రోమ్ వాళ్లమ్మ కోసం (1186), ప్రేహ ఖాన్ నాన్న కోసం (1191). తా ప్రోమ్ శాసనంలో ఆ గుడిని పోషించిన ఊళ్ల జనం లెక్క 79,365 అని ఉంది, అదే శాసనంలో రాజ్యమంతా పెట్టిన 102 ఆరోగ్యశాలల లెక్క కూడా ఉంది. నాకు రాజుల గొప్పలంటే పెద్ద మోజు లేదు కానీ ఒక గుడి శాసనంలో ఆస్పత్రులు లెక్కపెట్టిన రాజు మీద మాత్రం కాస్త గౌరవం కలిగింది.

అయితే కథ అక్కడితో ఆగలేదు. 13వ శతాబ్దంలోనే బుద్ధ విగ్రహాల మీద సుత్తి పడింది, గోడల మీది బుద్ధుల్ని చెక్కేసి కొన్నిచోట్ల లింగాలుగా, మునులుగా మార్చారు. బాయోన్ నడిమధ్య ఉండాల్సిన, నాగుపాము పడగ కింద కూర్చున్న పెద్ద బుద్ధుణ్ని ముక్కలు చేసి గోతిలో పారేశారు, ఆ ముక్కలు 1933లో దొరికాయి. తర్వాత మెల్లగా దేశం మొత్తం థేరవాద బౌద్ధంలోకి (మహాయానం కాక ఇంకో శాఖ) వెళ్లింది, ఆంకోర్ వాట్‌లోకి భిక్షువులు వచ్చారు, ఇప్పటికీ ఉన్నారు. ఇక్కడ మీరు తప్పకుండా చూడాల్సింది ఒకటుంది. పడమటి ద్వార మంటపంలో ఎనిమిది చేతుల నిలువెత్తు విష్ణువు ఉన్నాడు, తా రీచ్ అంటారు. భిక్షువుల రంగు బట్ట చుట్టి, అగరొత్తులు వెలిగించి, బౌద్ధులైన ఖ్మేర్ ఆడవాళ్లు ఆయనకి మొక్కుకుంటూ ఉంటారు. అక్కడ పది నిమిషాలు నిలబడితే మీ ప్రశ్నకి నాకన్నా వాళ్లే బాగా జవాబు చెప్తారు.

మోకాళ్ల సంగతి. అన్నిటికన్నా పై అంతస్తు (బకాన్ అంటారు) ఆవిడ వద్దులెండి, మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి. దాని కింద గోడల చుట్టూ ఉన్న శిల్పాల వరండా మాత్రం చదునే, అసలు సరుకంతా అక్కడే ఉంది. తూర్పు వరండాలో దక్షిణం వైపు సగమంతా క్షీరసాగర మథనం, 49 మీటర్ల పొడవు, ఒకే బొమ్మ. మీరు క్లాసులో పిల్లలకి ఎన్నిసార్లు చెప్పి ఉంటారో, ఇక్కడ వాసుకిని పట్టుకున్న ఒక్కొక్కరి మొహం చూస్తూ నడవచ్చు. ఒక వింత ఏమిటంటే ఈ గోడ బొమ్మల వరస అప్రదక్షిణంగా, అంటే గుడి మీ ఎడమ చేతి వైపు ఉండేలా నడిస్తేనే కుదురుతుంది. గుడి కూడా పడమటి ముఖం. అందుకే సూర్యోదయానికి వచ్చే వందలమంది చూసేది గుడి వెనకనుంచి లేచే సూర్యుణ్ని, గుడి నల్లటి నీడలా ఉంటుంది. రాతి మీద వెలుగు కావాలంటే మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి. మీ వయసులో తెల్లవారుజామున నాలుగింటికి లేచి చెరువు గట్టున తోపులాట ఎందుకు చెప్పండి.

తా ప్రోమ్‌లో మన భారత పురావస్తు శాఖవాళ్లు ఏళ్లుగా మరమ్మతు పని చేశారు, చెక్క దారులు ఉన్నాయి, నడవడం తేలిక. బంతేయ్ శ్రేయ్ (967) చిన్నది, దాదాపు చదును, శివుడి గుడి, అక్కడ ఆవిడకి ఏ ఇబ్బందీ ఉండదు.

ఒకవేళ మీరొక్కరే బకాన్ ఎక్కుతానంటే పంచాంగం చూసుకుని వెళ్లండి. బౌద్ధుల పవిత్ర దినాల్లో పైకి పోనివ్వరు, అవి పౌర్ణమి, అమావాస్య, రెండు అష్టముల చుట్టూ వస్తాయి. నేను పౌర్ణమి నాడు వెళితే పుణ్యమని ఎవరో చెప్తే విని, సరిగ్గా ఆ రోజే వెళ్లి, మూసిన మెట్ల దగ్గర ఫొటో దిగి వచ్చాను.

ప్రశ్న: మా బంధువులు బోరోబుదూర్ వెళ్లి పైకి ఎక్కకుండానే తిరిగొచ్చారు, టికెట్ లేదన్నారట. అంత దూరం వెళ్లి కింద నుంచి చూడటమేంటి? మాకు ఇద్దరు పిల్లలు, 9, 13 ఏళ్లు.
– గృహిణి, విశాఖపట్నం

జవాబు: జావాలోని ఆ పెద్ద బౌద్ధ ఆలయానికి రెండు టికెట్లు ఉంటాయమ్మా. ఒకటి ఆవరణలోకి, ఇంకోటి గుడి ఎక్కడానికి. ఎక్కేవాళ్లకి రోజుకి ఇంతమందేనని లెక్క ఉంటుంది, గైడుతో గుంపుగా, ఇచ్చిన సమయానికే. విదేశీయులకి నాలుగున్నర లక్షల రుపయా పైన (కంగారు పడకండి, మన డబ్బుల్లో రెండున్నర వేల లోపే). విమానం టికెట్ తీసిన రోజే ఆన్‌లైన్‌లో ఇది కూడా తీసుకోండి. సోమవారం పెట్టుకోవద్దు. మీ చెప్పులు విప్పించి అల్లిన చెప్పులు ఇస్తారు, రాయి అరిగిపోకుండా. వాటి పేరు ఉపానత్. సంస్కృతంలో చెప్పుల్ని ఉపానహాలు అంటారు కదా, అదే మాట జావాలో ఇంకా కాళ్లకి ఉంది.

ఎక్కినప్పుడు ఒక పొరపాటు అందరూ చేస్తారు, నేనూ చేశాను. పైన జాలీ స్తూపాలున్నాయి కదా, 72, ఒక్కోదాంట్లో ఒక బుద్ధుడు, ఫొటోల్లో కనిపించేవి అవే, వాటికోసం గబగబా మెట్లెక్కి పైకి పోతారు. కట్టినవాళ్ల ఉద్దేశం అది కాదు. తూర్పు మెట్ల దగ్గర మొదలుపెట్టి ఒక్కో అంతస్తూ ప్రదక్షిణంగా గోడ చదువుకుంటూ తిరిగితే మెల్లమెల్లగా పైకి చేరతాం. మొత్తం చెక్కిన పలకలు 2672, అందులో కథ చెప్పేవి 1460. ఇచ్చే టైములో అన్నీ ఎలాగూ కుదరదు. మొదటి వరండాలో లోపలి గోడ పై వరస ఒక్కటి పట్టుకోండి. అది లలితవిస్తరం, బుద్ధుడి జీవితం, 120 పలకలు, మాయాదేవి కలా, పుట్టుకా, గుర్రం మీద ఇల్లు విడిచి పోవడమూ దాటి, కాశీ దగ్గర జింకల వనంలో మొదటిసారి ధర్మం చెప్పడంతో ఆగిపోతుంది. గైడ్‌కి ముందే "మాకు ఈ వరస చూపించండి" అని చెప్పండి, సంతోషిస్తారు, రోజూ సెల్ఫీలు తీసి తీసి విసిగిపోయి ఉంటారు.

పిల్లలకి: అదే వరండాలో కింది వరసలో తెరచాపల ఓడ బొమ్మ వెతకమనండి. ఆ బొమ్మ చూసి నిజం ఓడ కట్టి 2003–04లో జకార్తా నుంచి ఆఫ్రికాలో ఘనా దాకా నడిపారు, ఆ ఓడ అక్కడే ఆవరణలో మ్యూజియంలో ఉంది. పదమూడేళ్లవాడికి గుడికన్నా అదే నచ్చుతుంది, నచ్చనివ్వండి.

తొమ్మిదేళ్లవాడికి మాత్రం మెందుత్. బోరోబుదూర్‌కి తూర్పున మూడు కిలోమీటర్లు, చిన్న గుడి, పెద్దగా ఎవరూ ఆగరు. లోపల మూడు మీటర్ల రాతి బుద్ధుడు కుర్చీలో కూర్చున్నట్టు కాళ్లు కిందికి పెట్టి కూర్చుని ఉంటాడు. మెట్ల పక్క గోడ మీద చూడండి: రెండు హంసలు కర్రని చెరో పక్కా పట్టుకుని ఎగురుతుంటే మధ్యలో నోటితో కరుచుకుని వేలాడే తాబేలు. మనం చిన్నప్పుడు చదువుకున్న పంచతంత్రం తాబేలే! నోరు తెరిచి పడిపోతుందని వాడికి ఇంట్లోనే కథ చెప్పి తీసుకెళ్లండి, అక్కడ వాడే వెతికి పట్టుకుంటాడు.

ఉండటానికి యోగ్యకర్త ఊరు బాగుంటుంది, అక్కడినుంచి బోరోబుదూర్ సుమారు 40 కిలోమీటర్లు. రెండో రోజు ఊరికి తూర్పున ప్రంబనన్ చూడండి, 47 మీటర్ల శివాలయం, గోడల మీద రామాయణం. దాని ఆవరణలోనే కాస్త నడిస్తే సేవు అనే బౌద్ధాలయం వస్తుంది. శివుడి గుడీ బుద్ధుడి గుడీ కూతవేటు దూరంలో. చాలామంది ప్రంబనన్ చూసి బస్సెక్కేస్తారు, మీరు అలా చేయకండి.

ప్రశ్న: మా అత్తగారు ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. బ్యాంకాక్‌లో ఆవిడ ఏం తింటారు?
– గుంటూరు

జవాబు: మీరు అనుకున్నదానికన్నా బాగానే తింటారు. "వెజిటేరియన్" అని అడక్కండి, అలా అడిగితే మాంసం ముక్కలు తీసేసి, చేపల సాస్ మాత్రం ఉంచేసి ఇస్తారు (అది వాళ్ల దృష్టిలో ఉప్పు లాంటిది). "జే" అని అడగండి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో ఉన్న బండి లేదా హోటల్ కనిపిస్తే అదే. చైనా బౌద్ధుల నుంచి వచ్చిన పద్ధతి ఇది. మాంసం, చేప, గుడ్డు, పాలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధం. మీ అత్తగారి నియమమే! చాలా ఏళ్లు మన దసరా నవరాత్రుల రోజుల్లోనే అక్కడ తొమ్మిది రోజుల జే పండగ వస్తుంది, అప్పుడు వెళ్తే వీధంతా ఆవిడ భోజనమే.

కంబోడియాలో ప్రహోక్ (పులియబెట్టిన చేప), జావాలో తెరాసి (రొయ్యల ముద్ద), ఇవి కూరల్లోనూ పచ్చళ్లలోనూ కనిపించకుండా ఉంటాయి. జావాలో టెంపే (పులియబెట్టిన సోయా గింజల ముద్ద) వేపుడు, అన్నం ధైర్యంగా తినొచ్చు. ఆవకాయ సీసా చెక్-ఇన్ సామాన్లలో, రెండు కవర్లు చుట్టి. హ్యాండ్ బ్యాగులో పెడితే నూనె ఉందని తీసేస్తారు, తర్వాత బాధపడి లాభం లేదు.

ప్రశ్న: మా తాతగారు రంగంలో (రంగూన్‌ని మావాళ్లు అలా అంటారు) పనిచేసి నడిచి ఇంటికొచ్చారని ఇంట్లో చెప్తారు. బర్మా వెళ్లి రంగూన్, బగాన్ చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక. ఇప్పుడు వెళ్లొచ్చా?
– శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఇప్పుడు వద్దు. మీ కోరిక నాకు అర్థమవుతుంది, మా వైపు కూడా "రంగం పోయినోడు" అంటే ఒక పెద్ద కథ. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి అంతమంది వెళ్లారు కాబట్టే బర్మాలో తెలుగువాళ్లకి కోరంగీలు అని పేరు పడింది. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు అడవుల్లో పడి నడిచి వచ్చినవాళ్లలో మీ తాతగారూ ఉండి ఉంటారు. తర్వాత కాలంలో వచ్చేసినవాళ్ల గుర్తుగా విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు పేరు ఇంకా ఉంది.

కానీ 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కున్న తర్వాత అక్కడ అంతర్యుద్ధం సాగుతోంది, దానికి తోడు 2025 మార్చి 28న మాండలే వైపు పెద్ద భూకంపం వచ్చింది. కొన్ని టూర్ కంపెనీలు "బగాన్ సేఫ్" అని ప్యాకేజీలు అమ్ముతున్నాయి. బగాన్ వీధి ప్రశాంతంగానే ఉండొచ్చు, దారిలో ఏదైనా జరిగితే మిమ్మల్ని బయటికి తెచ్చేదెవరు? మన విదేశాంగ శాఖ సూచనలు చూస్తూ ఉండండి. బగాన్ ఎక్కడికీ పోదు, మూడున్నర వేల పైచిలుకు గుళ్లూ స్తూపాలూ, వెయ్యేళ్లనుంచి భూకంపాలు తింటూ నిలబడినవి. ఈలోగా తాతగారి గురించి తెలిసిన ముసలివాళ్లు ఊళ్లో ఎవరైనా ఉంటే కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి, ఆ పనికి వీసా అక్కర్లేదు.

ప్రశ్న: బ్యాంకాక్‌లో పెద్ద గుడి దగ్గరికి వెళితే "ఈరోజు మూసేశారు" అని ఒకాయన చెప్పాడు, తిరిగొచ్చేశాం. హోటల్‌లో అడిగితే తెరిచే ఉందన్నారు. ఇలా ఎందుకు చెప్తారు?
– నిజామాబాద్

జవాబు: మీరు తిరిగొచ్చేశారు, అదృష్టవంతులు. నేనైతే ఆయన చూపించిన టుక్‌టుక్ ఎక్కాను. టై కట్టుకుని, మంచి ఇంగ్లీషు మాట్లాడుతూ, "టీచర్ని" అని కూడా చెప్పాడు. ఇవాళ బుద్ధుడి పూజ, మధ్యాహ్నం దాకా విదేశీయుల్ని రానివ్వరు, ఈలోగా ఇరవై బాట్లకే ఊరు చూపిస్తారు అన్నాడు. చూపించారు: ఒక చిన్న గుడి, ఒక సూట్లు కుట్టే షాపు, ఒక రత్నాల షాపు. ఏమీ కొనకుండా బయటికొచ్చేసరికి టుక్‌టుక్ మాయం, మూడు కిలోమీటర్లు ఎండలో నడిచాను. ఎమరాల్డ్ బుద్ధుడి గుడి (వాట్ ఫ్రా కేవ్) ఏవో కొన్ని రాజలాంఛనాల రోజులు తప్ప రోజూ తెరుస్తారు, మధ్యాహ్నం మూడున్నరకి లోపలికి పంపడం ఆపేస్తారు. గేటు దాకా వెళ్లి కళ్లతో చూశాకే నమ్మండి.

మళ్లీ వెళ్లినప్పుడు ఆ గుడి చుట్టు వరండాలో రామాయణం బొమ్మలు మాత్రం వదలకండి. వాళ్ల రామకియెన్‌లో హనుమంతుడు బ్రహ్మచారి కాడు, కనపడిన అందగత్తెనల్లా వలేస్తాడు, మా అమ్మకి చెప్తే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ప్రశ్న: అమరావతి శిల్పకళ తూర్పు దేశాలకి వెళ్లిందని చదువుకున్నాం. అక్కడ కళ్లతో చూడటానికి ఏమైనా ఉందా?
– ఎం.ఏ. విద్యార్థిని, నాగార్జున విశ్వవిద్యాలయం

జవాబు: ఉంది. వియత్నాంలో హో చి మిన్ నగరం చరిత్ర మ్యూజియంలో డాంగ్ డువాంగ్ బుద్ధుడు అని నిలబడ్డ కంచు విగ్రహం, 1911లో మధ్య వియత్నాంలో దొరికింది, సుమారు 1.2 మీటర్లు. కుడి భుజం మీద బట్ట ఉండదు, చీవరం (భిక్షువుల వస్త్రం) మడతలు గీతలు గీసినట్టు వరసగా దిగుతాయి. అమరావతి పోలికలు చాలామంది చెప్తారు, శ్రీలంకలో పోతపోశారనే వాదన కూడా గట్టిగానే ఉంది, కాబట్టి "మనవాళ్లే చేశారు" అని ఫేస్‌బుక్‌లో రాసేయకు తల్లీ. ఇండోనేషియాలో సులవేసి దీవిలో దొరికిన కంచు బుద్ధుడి మీద కూడా ఇదే చర్చ. వెళ్లేముందు అమరావతి మ్యూజియం, వీలైతే చెన్నై ఎగ్మూరు మ్యూజియం ఒకసారి చూడు. మన పాత పలకల మీద చాలాచోట్ల బుద్ధుడు ఉండడు, ఖాళీ సింహాసనమో పాదాలో ఉంటాయి. అవి చూసి బోరోబుదూర్ లలితవిస్తరం ముందు నిలబడితే, అదే కథలో ఆయన మనిషిగా నడిచి వస్తుంటాడు. నీ డిసర్టేషన్‌కి ఆ తేడా ఒక్కటే చాలు అనిపిస్తుంది నాకు.

ప్రశ్న: ఒక్కదాన్నే అయుత్తయ వెళ్తున్నాను. బట్టలు, ఫొటోలు వగైరా చిన్న చిన్న జాగ్రత్తలు చెప్పండి.
– కరీంనగర్

జవాబు: భుజాలు, మోకాళ్లు కప్పాలి, చుడీదార్ అయితే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. భిక్షువుల్ని ఆడవాళ్లు తాకకూడదు, చేతికి ఏమీ ఇవ్వకూడదు, రైల్లో పక్కన ఖాళీ ఉన్నా కూర్చోకండి. వాట్ మహాథాత్‌లో చెట్టు వేళ్ల మధ్య ఇరుక్కున్న బుద్ధుడి తల ఉంటుంది, అక్కడ ఫొటో కావాలంటే ఆ తలకన్నా కిందికి, గొంతుక్కూర్చుని దిగాలి, నిలబడితే కాపలా ఆయన కేకేస్తాడు. తలలు లేని విగ్రహాల వెనక నిలబడి మీ తల పెట్టి ఫొటో దిగే సరదా అస్సలు వద్దు. 1767లో బర్మా సైన్యం ఊరిని తగలబెట్టినప్పుడు చాలా విగ్రహాలు దెబ్బతిన్నాయి, తర్వాత దొంగలు ఇంకొన్ని తలలు నరికి అమ్ముకున్నారు, అక్కడివాళ్లకి అది నవ్వులాట కాదు. స్టేషన్ బయట సైకిళ్లు అద్దెకిస్తారు, ఊరు చదును, హాయిగా తొక్కొచ్చు. బ్రేకులు ముందే నొక్కి చూసుకోండి. సాయంత్రం వాట్ చైవత్తనారాం దగ్గర నది ఒడ్డున చాలాసేపు కూర్చోవాలనిపిస్తుంది, అయినా ఆఖరి రైలు టైము ఫొటో తీసి పెట్టుకోండి.